దిగుడుబావి మీద ఎర్ర అక్షరాలు

మొన్న ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంటు సంఘం వాళ్ళు కింద కార్లు నిలిపే చోట షామియానా వేసి ఆరోగ్య శిబిరం పెట్టారు. ఆరోగ్య శిబిరం అంటే తక్కువవుతుందనుకున్నారో ఏమో, 'వెల్‌నెస్ ప్రోగ్రాం' అని బ్యానరు కట్టారు. రక్తపోటు చూసి, బరువు తూచి, ప్రభుత్వ ఆరోగ్య శాఖ వారి సమాచారం అంటూ ఒక్కొక్కరి చేతిలో నున్నటి రంగుల పుస్తకం పెట్టి పంపారు. పుస్తకమంతా ఇంగ్లీషే. చివరి అట్ట మీద నల్ల చుక్కల గడి ఒకటి ఉంది. దాన్ని ఫోనుకు చూపిస్తే తెలుగులో వస్తుందని చెప్పారు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కూడా ఒకటి తెచ్చుకుంది. ఆమెకు చక్కెర జబ్బు ఉంది, ఇంగ్లీషు రాదు, ఆ గడిని చదివే ఫోనూ లేదు. పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కాగితం మందంగా ఉందని సంతోషపడి, పప్పుల డబ్బా కింద పరుచుకుంది. నేను చిరాకు పడుతుంటే మా మనవరాలు, "అన్నీ వెబ్‌సైటులో ఉన్నాయి తాతయ్యా, కావాలనుకున్న వాళ్ళు చూసుకుంటారు," అంది.

కావాలనుకున్న వాళ్ళు చూసుకుంటారు! ఈ మాటను నేను మీసాలు మొలిచిన నాటి నుంచి వింటున్నాను. ఉర్దూలో విన్నాను, తెలుగులో విన్నాను, ఇప్పుడు నా మనవరాలి నోట వింటున్నాను. రాజులు పోయారు, రాజ్యాలు పోయాయి, జిల్లాల హద్దులు కూడా మారిపోయాయి గాని ఈ మాట మాత్రం ఏ సర్కారు వచ్చినా కుర్చీతో పాటు అప్పగింతల్లో ఇచ్చిపుచ్చుకుంటారేమో అనిపిస్తుంది. నా ఈడు వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ముఖ్యంగా నల్లగొండ, పాలమూరు వైపు పుట్టి దిగుడుబావి నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళయితే, నా చిరాకు ఎక్కడి నుంచి మొదలైందో వాళ్ళకు ఇట్టే తెలుస్తుంది. తెలియని వాళ్ళ కోసం చెబుతాను.

నాకు మొదటి నౌకరీ నల్లగొండలో ఆరోగ్య శాఖ కచేరీలో దొరికింది. నిజాం ప్రభుత్వానికి అవి చివరి రోజులని ఇప్పుడు అనుకుంటున్నాం గాని అప్పుడు మాకేం తెలుసు, సర్కారు అన్నది గుట్టలాంటిది, ఎప్పటికీ అక్కడే ఉంటుందనుకునేవాళ్ళం. బడిలో ఉర్దూ చదివినందుకు, ఎండలో నడవగలిగినందుకు నన్ను తీసుకున్నారు. పట్నం నుంచి వచ్చే ఆరోగ్య ప్రచారపు కాగితాల కట్టలను భుజాన వేసుకొని హుజూర్‌నగర్ వైపు ఊళ్ళు తిరగడం, గోడలకు అంటించడం, నలుగురిని పోగు చేసి అందులో ఉన్నది వినిపించడం నా పని.

ఆ వైపు ఊళ్ళను అప్పుడు పీడిస్తున్న జబ్బు నారు. పుస్తకాల్లో నారికురుపు అని రాస్తారు, మా ఊళ్ళలో ఒట్టి నారు అంటే చాలు. తాగే నీళ్ళతో ఒంట్లోకి పోయిన పురుగు ఏడాది పాటు కండల్లో పెరిగి, ఎండాకాలం రాగానే కాలి దగ్గరో మడమ దగ్గరో పొక్కులా లేచి, ఆ పొక్కు పగిలి తెల్లటి దారంలా బయటికి వచ్చేది. దాన్ని చిన్న పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెం లాగాలి. తొందరపడితే తెగుతుంది, తెగితే కాలు కుండలా వాస్తుంది. సరిగ్గా దుక్కులు దున్నే రోజుల్లో, తొలకరికి ముందు, ఊళ్ళో సగం మంది మగవాళ్ళు గడప దగ్గర కాలు చాపుకొని, పుల్ల చుట్టుకుంటూ కూర్చునేవారు. మంట చల్లారడానికి ఆ కాలినే దిగుడుబావిలో పెట్టేవారు. పురుగు తన పిల్లలను ఆ నీళ్ళలోనే వదిలేది. ఆ నీళ్ళే బిందెలకెత్తుకొని అందరూ తాగేవారు. కృష్ణ అంత దగ్గర పారుతుండగా ఈ ఊళ్ళు ఈ బావులను నమ్ముకొని బతకడమే ఒక విడ్డూరం అనుకోండి, అది మరో కథ.

పాపం, సర్కారుకు ఈ సంగతి తెలియక కాదు. నారు ఎట్లా వస్తుందో, ఎట్లా రాకుండా చేసుకోవాలో నేను మోసే కాగితాల మీద స్పష్టంగానే ఉంది. కాలికి నారు ఉన్నవాళ్ళు బావిలో దిగవద్దు, నీళ్ళను బట్టతో వడగట్టి తాగండి, ఇంతే. కాని ఉన్నది ఉర్దూలో, అదీ దర్బారు ఉర్దూలో, నాకే సగం మాటలు తట్టేవి కావు. పైన బొమ్మ ఒకటి. షేర్వాణీ తొడిగి రూమీ టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, వెండి గ్లాసు మీద తెల్లటి దస్తీ, అంటే చేతిరుమాలు, పరిచి సురాయిలోంచి నీళ్ళు వంపుతుంటాడు. ఆ టోపీని, ఆ గ్లాసును చూసి మా ఊళ్ళ వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. ఒక ఊళ్ళో ముసలాయన ఒకడు చాలాసేపు పరీక్షగా చూసి, "గీ సాబు కల్లు వడబోస్తున్నడా?" అని అడిగాడు. నేను నీళ్ళని చెబితే నమ్మలేదు. నీళ్ళ కోసం అంత మంచి దస్తీ ఎవడు పాడు చేసుకుంటాడని ఆయన ప్రశ్న.

మా అమ్మకు అక్క, అంటే మా పెద్దమ్మ, ఆ ఊళ్ళలోనే ఒకదానిలో ఉండేది. ఆమె భర్తను మేము పెద్దబాపు అనేవాళ్ళం. కొంచెం చెలక భూమి, అంటే మెట్ట, ఒక గొర్రెల మంద వాళ్ళ ఆస్తి. ఆ వైపు పోయినప్పుడల్లా నా మకాం వాళ్ళింట్లోనే. పెద్దబాపు మెత్తటి మనిషి, మాట తక్కువ, ఎండకు వానకు గొంగడి ఒకటే కప్పుకొని గొర్రెలతో పాటు నడిచేవాడు. ఆయన మాట్లాడవలసినవన్నీ కూడా పెద్దమ్మే మాట్లాడేది. ఆమె గొంతు విప్పితే చెరువుకట్ట అవతల మేసే మంద కూడా తలెత్తి చూసేదని ఊళ్ళో అనేవారు.

మొదటిసారి ఆ ఊళ్ళో కాగితాలు అంటించడానికి నాకు గంజి కావలసి వచ్చింది. గంజికి పిండి కావాలి. సర్కారు కాగితాలైతే పంపింది గాని వాటిని అంటించే పిండి సంగతి ఎవరికీ తట్టలేదు. లెవీ పేరుతో సర్కారే ధాన్యమంతా ఊడ్చుకుపోయిన రోజులు అవి. గుప్పెడు జొన్నపిండి ఇమ్మని అడిగేసరికి పెద్దమ్మ తిప్పుతున్న విసుర్రాయి ఆపి నా వైపు చూసింది.

"ఏందిరా? మేం తిననీకె పిండి లేదు గాని గోడకు తినవెడ్తవా?"

"సర్కారు పని పెద్దమ్మా. జనం బాగుకోసం."

"జనం బాగుకోసమైతే గా పిండి జనానికే వెట్టు కొడకా."

అయినా ఇచ్చింది, సణుగుతూనే ఇచ్చింది. నేను గంజి కాచి చావడి గోడకు, బావి గోడకు కాగితాలు అంటించి వచ్చాను. మధ్యాహ్నం తిరిగి చూస్తే ఊళ్ళో మేకలన్నీ గోడల దగ్గర వెనక కాళ్ళ మీద లేచి నిలబడి ఉన్నాయి. జొన్నగంజి రుచికి షేర్వాణీ సాబును టోపీతో సహా నమిలేశాయి. నిజాం ప్రభుత్వపు ఆరోగ్య సమాచారాన్ని ఆ తాలూకాలో పూర్తిగా జీర్ణించుకున్నవి ఆ మేకలే.

కచేరీకి తిరిగి వచ్చి మా అఫ్సరుతో మనవి చేసుకున్నాను. కాగితాలు తెలుగులో అచ్చు వేయించండి, మా రైతులకు ఉర్దూ రాదు అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు, పాన్ నములుతూ ఓపికగానే విన్నాడు. సర్కారు భాష ఉర్దూ, సర్కారు చెప్పవలసింది చెప్పింది, "జిసే చాహియే ఓ సమఝ్ లేగా" అన్నాడు. కావాలనుకున్న వాడు తెలుసుకుంటాడు. అదే మొదటిసారి నేను ఆ మాట వినడం.

అప్పటి రోజుల్లో ఊళ్ళు తిరగడం అంటే మామూలు సంగతి కాదు. పగలు ఒకరి రాజ్యం, పొద్దుగూకితే ఇంకొకరి రాజ్యం. ఒక ఊళ్ళో దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టు సంఘం వాళ్ళు నన్ను ఆపి, ఉర్దూ కాగితాలు మోసేవాడు నిజాం మనిషి కాక ఇంకెవడని కట్ట మొత్తం లాక్కొని నిప్పంటించారు. అందులో నారు గురించి ఉందని నేను మొత్తుకుంటుంటే, ముందు దొరలనే నారును పీకాలె, తర్వాత నీ నారు సంగతి చూద్దాం అన్నాడు వాళ్ళలో ఒకడు. చెబుతున్న వాడి మడమకే పుల్ల కట్టి ఉంది. ఇంకో ఊళ్ళో నేను పదిమందిని కూర్చోబెట్టి తెలుగులో చెబుతుంటే రజాకార్లు వచ్చి, మీటింగు పెడుతున్నావా, నువ్వు సంఘం వాడివి అని లాఠీలతో చెదరగొట్టారు. నా దగ్గర సర్కారు బిళ్ళ ఉండబట్టి బతికి బయటపడ్డాను. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే మాట, నీళ్ళు వడగట్టుకొని తాగండి. ఇద్దరికీ అందులో కుట్రే కనిపించింది.

తరువాత పోలీసు చర్య వచ్చింది. పట్నంలో జెండా మారింది, ఊళ్ళలో రజాకార్లు మాయమయ్యారు, వాళ్ళ బదులు ఆకుపచ్చ బట్టల యూనియన్ మిలిటరీ వచ్చి కమ్యూనిస్టుల కోసం గాలించడం మొదలుపెట్టింది. మా కచేరీలో అఫ్సరు మారాడు. కొత్తాయన తెలుగువాడే. నా ప్రాణం లేచి వచ్చింది. వెంటనే పోయి తెలుగు కాగితాల మాట ఎత్తాను. ఆయన గోదాములోకి తీసుకుపోయి కప్పు దాకా పేర్చి ఉన్న షేర్వాణీ సాబు కట్టలు చూపించి, ముందు ఈ స్టాకు అయిపోవాలి, అయిపోయాక కొత్తవాటి కోసం పైకి రాద్దాం అన్నాడు. రూమీ టోపీ చూస్తేనే జనం ఉలిక్కిపడే రోజులు అవి. ఆ కాగితాలు ఎట్లా పంచమంటారు అని అడిగితే, పంచడం నీ పని, చదువుకోవడం వాళ్ళ పని అన్నాడు.

ఆ ఎండాకాలం నేను పెద్దమ్మ ఊరికి పోయేసరికి పెద్దబాపుకు నారు లేచింది. మోకాలి కింద నుంచి పాదం దాకా వాచిపోయి, మంచం పక్కన గోడకు ఆనుకొని కూర్చొని, పుల్లను వేళ్ళతో పట్టుకొని కళ్ళు మూసుకొని ఉన్నాడు. దొడ్డిలో గొర్రెలు ఆకలికి అరుస్తున్నాయి. పెద్దమ్మ ఆయన గొంగడి తానే భుజాన వేసుకొని మందను తోలుకుపోయి, తిరిగి వచ్చి వండి, మళ్ళీ పోతోంది. నన్ను చూసి పలకరించనైనా లేదు. "నీ సర్కారు కాయితం గీ నొప్పి తగ్గిస్తదా? తగ్గియ్యకపోతే ఎందుకు మోస్తవురా గాడిదోలె?" అంది.

ఒళ్ళు మండిపోయి ఆ సాయంత్రమే నేను ఒక పని చేశాను. ఎవరినీ అడగలేదు. పెద్దమ్మ ఇంటి గోడల కింద పూసుకోవడానికి కలిపి పెట్టుకున్న జాజు ఉంది. జాజు అంటే ఎర్రమట్టి రంగు, మా వైపు ప్రతి ఇంట్లో ఉంటుంది. వేపపుల్ల నమిలి కుంచె చేసుకొని, బావి గోడ మీద బిందె అంతేసి పెద్ద అక్షరాలతో రాశాను: నారు ఉన్నోళ్ళు బాయిల దిగొద్దు. నీళ్ళు వడగట్టి తాగుండ్రి. ఊళ్ళో అక్షరాలు కూడబలుక్కోగలిగిన వాళ్ళు అతి కొద్దిమంది, కాని వాళ్ళు బయటికి చదివితే మిగతా వాళ్ళకు అర్థమయ్యే మాటలు అవి. మరునాడు పొద్దున నీళ్ళకొచ్చిన ఒకాయన గట్టిగా చదవడం, ఆడవాళ్ళు బిందెలు దించి వినడం నేను చూశాను. నా నౌకరీలో నాకు సంతోషం కలిగిన మొదటి రోజు అది.

మిలిటరీ జీపు ఆ మధ్యాహ్నమే వచ్చింది.

ఎర్ర రంగు, తెలుగు అక్షరాలు, బావి గోడ. వాళ్ళలో ఒక్కరికీ తెలుగు రాదు. ఎర్ర రాతలంటే వాళ్ళకు ఒకటే తెలుసు. రాసింది ఎవరని అడిగితే ఊరంతా నేల చూసింది. నేనే ముందుకు వచ్చి, నేను సర్కారు నౌకరును, ఇది జబ్బు గురించి రాసింది అని మంచి ఉర్దూలో చెప్పాను. అది ఇంకా కీడైంది. హవల్దారు నా బిళ్ళ తీసి చూశాడు. దాని మీద ఉన్నది పాత సర్కారు గుర్తు. చేతిలో నిజాం బిళ్ళ, నోట్లో ఉర్దూ, గోడ మీద ఎర్ర రాత. "నువ్వు రజాకారువా, కమ్యూనిస్టువా, ముందు అది తేల్చుకో," అని తుపాకీ మడమతో నా వీపున ఒకటి వేసి జీపులోకి తోశాడు.

దొర పారిపోగా ఖాళీగా పడి ఉన్న గడీలో వాళ్ళ క్యాంపు. పశువుల కొట్టంలో నాకంటే ముందే చాలామంది ఉన్నారు. నా పక్కన కూర్చున్న రైతు పొరుగూరి వాడు. ఎవరో ఆకలితో వస్తే అన్నం పెట్టాడట, అదీ వాడి నేరం. వీపంతా చీరుకుపోయి ఉంది. నువ్వేం చేసినవని నన్ను అడిగాడు. నీళ్ళు వడగట్టి తాగమని రాసినందుకు తెచ్చారని చెప్తే, ఆ నొప్పిలో కూడా నవ్వాడు. "గింతేనా? నీళ్ళ మాటకే గిట్లయితే, అన్నం వెట్టినోన్ని నన్నిడిసిపెడ్తరా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అక్కడి నుంచి బయటపడని వాళ్ళ సంగతులు నేను విని ఉన్నాను.

మరునాడు పొద్దెక్కుతుండగా గడీ ముందు బండి చప్పుడు, దాన్ని మించి ఒక గొంతు వినిపించింది. ఆ గొంతు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. పెద్దమ్మ ఎడ్లబండి కట్టించుకొని, అందులో గడ్డి పరిచి పెద్దబాపును పడుకోబెట్టుకొని, కాపలా సిపాయి తుపాకీ అడ్డం పెడితే దాని కింద నుంచి దూరి వచ్చింది. చేతిలో మడత నలిగిన ఉర్దూ కాగితం ఒకటి ఉంది. నేను కిందటిసారి వాళ్ళింట్లో వదిలేసి వచ్చిన వాటిలోది, ఉట్టి మీద పాలకుండకు మూతగా వేసుకుందట.

లోపలి నుంచి అధికారి వచ్చాడు. సర్దార్జీ, నెరిసిన గడ్డం. నన్ను కూడా కొట్టం నుంచి బయటికి తెచ్చారు. పెద్దమ్మ ఆయనకు దండం పెట్టలేదు, ఏడవలేదు. బండి దగ్గరికి రమ్మని చెయ్యి పట్టి లాగినంత పని చేసి, పెద్దబాపు కాలి మీది బట్ట తీసేసింది. వాచిన కాలు, పొక్కు, అందులోంచి పుల్లకు చుట్టుకొని వేలాడుతున్న తెల్లటి పురుగు.

"నారు! నారు! ఎరుకేనా నీకు? గీ నారు గురించి రాసిండు నా చెల్లె కొడుకు. గీ పాడు నారు గురించి! తుపాకీలు వట్టుకొని వచ్చిండ్రు గదా, గీన్ని కాల్చుండ్రి మరి, సూస్త!"

అధికారి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ మాట ఆయనకు తెలుసు. వాళ్ళ వైపు కూడా దీన్ని నారు అనే అంటారట, ఆ సంగతి అప్పుడే తెలిసింది. పెద్దమ్మ కాగితం ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తిప్పి సరిగ్గా పట్టుకొని, పాల మరకల మధ్య నుంచి మొదటి మాట నుంచి చివరి మాట దాకా గట్టిగా చదివాడు. పంజాబు బళ్ళలో అప్పుడు ఉర్దూ చెప్పేవారు కాబట్టి ఆయనకు అది కొట్టినపిండి. నేను ఎన్నో ఊళ్ళు తిరిగి, ఎన్నో గోడలకు అంటించిన ఆ కాగితాన్ని ఎవరైనా తడుముకోకుండా, అర్థం చేసుకుంటూ చదవడం నేను చూసింది అదొక్కసారే. మా జిల్లా రైతుల కోసం అచ్చు వేసిన కాగితానికి చివరికి దొరికిన పాఠకుడు పంజాబు నుంచి వచ్చిన సైనికాధికారి!

గోడ మీద రాసింది ఇదేనా అని ఆయన నన్ను అడిగాడు. ఇదే, తెలుగులో అన్నాను. మరి ఎర్ర రంగు ఎందుకు అన్నాడు. ఊళ్ళో ఇంకో రంగు లేదు సాబ్ అన్నాను. ఆయన హవల్దారు వైపు చూసిన చూపు నాకు కొంత తృప్తి కలిగించిందని ఒప్పుకోవాలి. పొమ్మన్నాడు. పోతుంటే మళ్ళీ పిలిచి, ఆ గోడకు మాత్రం ఇవాళే సున్నం కొట్టాలి, ఎర్ర రాతలు ఉండొద్దని హుకుం అన్నాడు. అందులో ఏం రాసి ఉందో ఇప్పుడు మీకు తెలుసు కదా అన్నాను. తెలుసు, కాని హుకుం హుకుమే అన్నాడు.

కొట్టంలోని ఆ పొరుగూరి రైతు గోడకు ఆనుకొని మా బండిని చూస్తూ ఉన్నాడు. అతని కోసం చూపించడానికి ఎవరి దగ్గరా ఏ కాగితమూ లేదు. తరువాత అతని గురించి అడిగాను. తలా ఒక మాట చెప్పారు. ఆ ఊరికి పోయి ఆ ఇంటి తలుపు తట్టే ధైర్యం ఎవరికీ లేదు, ఆ రోజులు అట్లాంటివి.

ఇద్దరు సిపాయిలు చూస్తుండగా నా అక్షరాల మీద నేనే సున్నం కొట్టాను. పెద్దమ్మ పక్కన నిలబడి చూసింది. అంతా అయ్యాక, వాళ్ళు జీపెక్కి పోయాక, నన్ను అడిగింది: "ఏమని రాసినవురా ఆడ? మల్లొకసారి చెప్పు." చెప్పాను. నా వీపు మీది దెబ్బను వేళ్ళతో తడిమింది. "గీ మాటకేనా నిన్ను కొట్టింది? గిప్పటిదాంక ఉత్త మాట అనుకున్న. గింత దెబ్బ వడ్డంక అది ఉత్తగ వోనియ్య," అంది.

ఆమెకు నారు ఎట్లా వస్తుందో అప్పుడూ సరిగ్గా తెలియదు, నేను చెప్పిన కంటికి కనిపించని పురుగుపిల్లల సంగతి చివరిదాకా నమ్మలేదు. ఆమెది చదువు కాదు, రోషం. తెల్లవారేసరికి గొర్రెల దొడ్డికి వేసే తుమ్మకంప ఈడ్చుకొచ్చి దిగుడుబావి మెట్లకు అడ్డం వేసింది. ఒక పక్క రాళ్ళు పేర్చి, తాడు వేసి చేదుకోవడానికి మాత్రం సందు ఉంచింది. ఊరు ఊరంతా తిరగబడింది. బావి నీ అబ్బదా అన్నారు. పట్వారీ మనుషులు వచ్చి కంప తీయించారు, ఆమె మళ్ళీ వేసింది. మంద మేపే పని పోగా మిగిలిన పొద్దంతా ఆ గట్టు మీదే కూర్చొని, నారు కాలితో వచ్చిన వాణ్ణి వాడి తాతముత్తాతలతో కలిపి తిట్టేది. తన పాత చీర చింపి ముక్కలు చేసి, బిందె ఎత్తుకున్న ప్రతి ఆడమనిషి చేతిలో పెట్టేది. వడగట్టకుండా పోతే వెనక నుంచి శాపనార్థాలు. ఆ తిట్లు భరించలేక వడగట్టిన వాళ్ళే గాని, ఆరోగ్యం కోసం వడగట్టిన వాళ్ళు ఎవరూ లేరు.

విసుగు తెప్పించే సంగతి ఇంకొకటి ఉంది. ఊరు ఎవరినైతే ఆ బావి మెట్లు తొక్కనివ్వలేదో ఆ మాదిగవాడ వాళ్ళు వాగులో ఇసుక తోడి చెలమ నీళ్ళు తాగేవారు. ఇసుకలో ఊరిన నీళ్ళు కాబట్టి వాళ్ళలో నారు దాదాపు లేనేలేదు. ఏ కాగితం మీదా ఆ మాట లేదు. కళ్ళెదుట ఉన్న ఆ రుజువును చూపించి నేను చెప్పబోతే ఊరి పెద్దలకు కోపం వచ్చింది, మమ్మల్ని వాళ్ళతో పోలుస్తావా అని. కాళ్ళు కుళ్ళినా ఫరవాలేదు గాని పోలిక మాత్రం పనికిరాదు.

ఈ రోగం చేసే మోసం వేరే ఉంది. ఈ ఏడు వడగట్టిన నీళ్ళ ఫలితం వచ్చే ఏడు గాని తెలియదు, కిందటేడు తాగిన పురుగు ఈ ఏడు లేవక మానదు. దానితో కంప వేశాక కూడా నారు లేచిన వాళ్ళంతా పెద్దమ్మ ఇంటి ముందుకు వచ్చి కాలు చూపించి ఎద్దేవా చేసిపోయేవారు. ఆమె తలుపు వేసుకొని ఒక రోజంతా ఏడ్చిందని పెద్దబాపు నాకు చెప్పాడు. మరునాడు మళ్ళీ గట్టు మీద కూర్చుందట.

ఆపై ఎండాకాలం నేను ఆ ఊరికి పోయాను. దుక్కుల రోజులు. గడపల దగ్గర కాళ్ళు చాపుకొని కూర్చున్న వాళ్ళ కోసం అలవాటుగా వెతికాను. ఒకరిద్దరు కనిపించారు, అంతే. పెద్దబాపు మందతో పాటు గుట్ట దిగి వస్తూ ఎదురయ్యాడు, గొంగడి ఆయన భుజానికి తిరిగి వచ్చింది. ఎవరూ పెద్దమ్మకు మంచిమాట చెప్పలేదు. ఆ ఏడు నారు తక్కువ, కాలం మంచిది అనుకున్నారు. కాని కంప తీయమని మాత్రం ఎవరూ అనలేదు. ఆమెకు అదే చాలు.

కచేరీలో పాత స్టాకు చెదపురుగుల దయవల్ల అయిపోయి, ఎట్టకేలకు తెలుగు కాగితాలు వచ్చాయి. ఆత్రంగా కట్ట విప్పి చూశాను. 'క్రిములచే కలుషితమగు జలమును శుద్ధ వస్త్రముచే వడపోసి సేవింపవలెను' అని ఉంది. పెద్దమ్మకు చదివి వినిపించాను. "సేవింపుడేంది? ఎవలకు సేవ చెయ్యాలె?" అని అడిగి, కాగితం అందుకొని, చేత్తో నొక్కి చూసి, పాలకుండ మీద వేసింది.

తరువాత నేను అచ్చంపేట, జడ్చర్ల వైపు బదిలీల మీద తిరిగి, ఆ శాఖలోనే ముసలివాణ్ణయి పదవీ విరమణ చేశాను. పెద్దమ్మ, పెద్దబాపు ఒకరి వెనక ఒకరు పోయారు. దిగుడుబావులు పూడ్చి బోర్లు వేశారు. బోరు నీళ్ళలో ఫ్లోరైడు వచ్చి మా వైపు మనుషుల ఎముకలు వంకరపోతే, దాని గురించి కూడా కాగితాలు అచ్చయ్యాయి, అవి కూడా నేను చూశాను. వాటి భాష గురించి ఇక చెప్పను, రక్తపోటు పెరుగుతుంది.

నిరుడు ఒక పెళ్ళికి ఆ ఊరికి పోవలసి వచ్చింది. బావి ఉన్న చోట ఇప్పుడు రేకుల షెడ్డు వేసి శుద్ధి చేసిన నీళ్ళు డబ్బాల్లో నింపి అమ్ముతున్నారు. అక్కడ పనిచేస్తున్న అబ్బాయి నేను ఎండలో నిలబడి ఉండటం చూసి కుర్చీ వేశాడు, చల్లటి నీళ్ళు ఇచ్చాడు. మాటల్లో, ఈ ఊళ్ళో ఒకప్పుడు నారు చాలా ఎక్కువగా ఉండేది, నీకు తెలుసా అని అడిగాను. అతను శ్రద్ధగా విని, కొంచెం ఆలోచించి, "వరినారు గురించా తాతా? గిప్పుడు నారు పోసేటోళ్ళు తక్కువనే, అంత వెదజల్లుడే," అన్నాడు.

ఒక ఊరి మగవాళ్ళను తరాల పాటు గడపల దగ్గర కూలేసిన జబ్బు పేరు విని అతనికి పచ్చటి మడి గుర్తుకొచ్చింది. అంతకన్నా మంచి సంగతి ఇంకేముంటుంది? నా జీవితమంతా మోసిన కాగితాలు సాధించలేనిది సాధ్యమైనందుకు సంతోషించాలి కదా. సంతోషించాను కూడా. కాని జబ్బుతో పాటు ఆ గట్టు మీద కూర్చొని ఊరందరినీ తిట్టిన మనిషి కూడా ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. మనం తాగే నీళ్ళ గురించి అంత కోపం తెచ్చుకొనే మనుషులు మళ్ళీ ఎక్కడైనా ఉన్నారా అని అక్కడ కూర్చొని చాలాసేపు ఆలోచించాను. ఆ అబ్బాయి గ్లాసు తీసుకోవడానికి వచ్చి, "ఇంకిన్ని వొయ్యమంటవా తాతా?" అని అడిగాడు. పొయ్యమన్నాను.